పన్నెండో మైలు దగ్గర

కాశిమేడు ఐసు ఫ్యాక్టరీ మెట్ల కింద
నాదొక బల్ల, రెండు కుర్చీలు, ఒక కార్బన్ కాగితాల కట్ట.
ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను
తెలుగు కళాసీల బాధని తమిళంలో,
సంతకానికి కాస్త చోటు వదిలి.

ఇవాళ తెల్లారకుండానే నూకాలు వచ్చింది.
గరికిన పోలారావు పెళ్లాం. భావనపాడు వైపు మనిషి.
"బోటు రాలేదు బాబూ, తొమ్మిది రోజులయిపోనాది. రాయండి."
"ఎవరికి?" అన్నాను.
అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది.
"గవర్నమెంటుకి."

ఏ గవర్నమెంటుకమ్మా?
ఒడ్డు నుంచి పన్నెండు మైళ్ల దాకా
చేప మీద పెత్తనం ఈ రాష్ట్రానిది.
అక్కడి నుంచి ఢిల్లీది.
నీళ్ల రంగు మారదు, రాయి పాతి ఉండదు,
వంజరం చేప తల అటూ తోక ఇటూ పెట్టి
ఒకే క్షణంలో ఇద్దరు దొరల కింద ఈదుతుంది.
వల వేసినవాడికి మాత్రం తెలిసుండాలి.

"ఎంత దూరం వెళ్లారో చెప్పాడా?"
"సెప్పి ఎల్తారేటి? సేప ఎక్కడుంటే అక్కడికే."

చిన్నప్పుడు కాదు, ముప్పై దాటాక,
రాత్రి కాలేజీలో రెండేళ్లు లా చదివాను. పూర్తి కాలేదు.
వేదాచలం మాస్టారు బోర్డుని మూడుగా చీల్చేవాడు:
ఇది కేంద్రం, ఇది రాష్ట్రం, ఇది ఉమ్మడి.
ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా అమ్మ అనేది,
పరీక్షలో అది రాయలేదు.
మూడింట్లోనూ లేనిది ఎవరిది సార్ అని
వెనక బెంచీలోంచి ఎవరో అడిగితే
సుద్దముక్క పైకెత్తి ఉత్తరం వైపు చూపించాడు.

బోటు నంబరు ఇక్కడి మత్స్యశాఖది.
ఓనరు ఆరోగ్యదాసు ఇక్కడివాడు, ఫోన్ ఎత్తడు.
వెతకాల్సిన ఓడ కేంద్రానిది.
పోలారావు రేషన్ కార్డు శ్రీకాకుళానిది.
వేట నిషేధం నెలల్లో ఆకలి ఇక్కడే పడతాడు,
భృతి అడిగితే మాత్రం కార్డు ఎక్కడిదని అడుగుతారు.
ఆమె తొమ్మిది రాత్రులుగా నిద్రపోలేదు.
అది ఏ జాబితాలోనూ లేదు,
అంటే ఢిల్లీదే అయ్యుండాలి.

మూడు అర్జీలు రాశాను.
ఒకటి తమిళంలో, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో.
ఒకే మనిషి మూడు భాషల్లో తప్పిపోయాడు.
మొదటిదాంట్లో "పన్నెండు మైళ్ల లోపల కావచ్చు" అని రాశాను,
రెండోదాంట్లో "బయట కావచ్చు" అని.
అబద్ధం కాదు. గాలి ఎటు తోస్తే అటు నిజం.
మూడోదాంట్లో మైలే రాయలేదు,
ఊరు పేరూ, నాన్న పేరూ రాశాను.

"నీలం గళ్ల లుంగీ, ఎడమ చేతికి రాగి కడియం,
అది రాశారా?" అంది.
దరఖాస్తులో దానికి గడి లేదు.
మార్జిన్‌లో, అడ్డంగా, మూడింట్లోనూ ఎక్కించాను.

"మూడు కాయితాలకీ ఎంత?"
"నలభై."
"ఒకడి గురించే కదా బాబూ," అంది,
బేరం కాదది, లెక్క అడిగింది.
ఏం చెప్పను.
కొంగు ముడి విప్పి నాలుగు పది నోట్లు పెట్టింది,
తడిసి, చేప వాసనతో.

ఆమె వెళ్లాక వాటిని టైరు ముక్క మీద ఆరబెట్టాను.
ఒకవైపు కేంద్ర ప్రభుత్వం పూచీ అని ఉంది.
తిప్పితే, అంగుళం వెడల్పు నిచ్చెనలో
తమిళం కింద తెలుగు, తెలుగు కింద ఉర్దూ,
ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి
అందరూ పది రూపాయలే అంటున్నారు.

గాలికి ఒక నోటు లేచింది.
కాలితో తొక్కిపట్టి
తారీఖు వేయడం మర్చిపోయానేమోనని
కార్బన్ కాపీ తీసి చూసుకున్నాను.